బంతిపూల రంగు పంచె

మా ఆయన ట్రాలీ ఆటో వీధి మలుపు తిరుగుతుండగానే అందులో ఏముందో నాకు వాసన బట్టి తెలిసిపోయేది. ఉల్లిపొట్టయితే ముక్కులోకి దుమ్ము దూరినట్టు పొడి ఘాటు. దానిమ్మ తొక్కలైతే వగరు. బంతిపూలైతే, అవీ నిన్నటివైతే, కుళ్లుకి కాస్త ఇవతల ఆగిన పచ్చి వాసన. పెళ్లయిన మర్నాడు కల్యాణమండపం వెనక నిలబడితే వస్తుందే, అది. నేను పొయ్యి దగ్గరనుంచి లేవకుండానే కేకేసేదాన్ని.

"పూలా?"

"పూలే. మారాణిగారికి ఏనుగు మీద తెచ్చాం."

"ముందా ఏనుగు పొగ ఆపండి. గుడ్డలు ఆరేశాను."

మాది బందరు. ఊరి చివర, ఉప్పుగాలి తగిలే పక్క. నా చదువు ఐదో తరగతితో సరి. పెళ్లయిన కొత్తలో పెడన వైపు ఒక అద్దకం షెడ్డుకి పనికి వెళ్లేదాన్ని. అచ్చులు కొట్టే పని మగవాళ్లది. గుడ్డలు కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేయడం, పెద్ద గంగాళాల్లో ఉడకబెట్టడం, కాలువలో జాడించడం ఆడవాళ్లది. కొన్నేళ్లకి షెడ్డు వాళ్లు డబ్బా రంగుల్లోకి మారారు. ఉడకబెట్టే పని లేకుండా పోయింది, నేనూ ఇంటికొచ్చేశాను. ఊరికే కూర్చోలేక ఒకరోజు మా ఇంట్లో ఉల్లిపొట్టే గిన్నెలో వేసి ఉడికించి, చిరిగిన దిండు గలీబు ఒకటి ముంచాను. తేనె రంగు వచ్చింది. ఆయన సాయంత్రం వచ్చి తీగ మీద ఆరుతున్న ఆ గలీబుని చూసి, "ఇది పొట్టుతోనా? వట్టి పొట్టుతోనా?" అని అడిగిందే అడిగారు. మర్నాడు రైతుబజారు నుంచి గోనె నిండా ఉల్లిపొట్టు తెచ్చి గుమ్మంలో దింపారు. అలా మొదలైంది మా పని.

పొద్దున్నే కూరగాయలు దుకాణాలకి చేరవేయడం ఆయన ఉద్యోగం. మధ్యాహ్నానికి ఆటో ఖాళీ. ఆ గలీబు రోజునుంచి ఆటో ఇంటికి ఖాళీగా రావడం మానేసింది. జ్యూసు బళ్ల దగ్గర దానిమ్మ తొక్కలు, కిరాణా కొట్లలో గోనెల అడుగున మిగిలిన పొట్టు, కోనేరు సెంటరు పూల కొట్లలో అమ్ముడుపోని బంతి, చామంతి. గూడూరు వైపు కిరాయి తగిలిందంటే, రైతులు గెల కోసుకుని గట్టు మీద పడేసిన అరటి బోదెలు, వాటితోపాటు డబ్బాల్లో కాలువ నీళ్లు. మా బోరు నీళ్లు ఉప్పు. వాటితో ఉడికిస్తే ఏ రంగైనా జ్వరం వచ్చిన మొహంలా ఉంటుంది.

పూల కొట్ల వాళ్లు ఆయన్ని చూస్తే ఊరుకునేవాళ్లు కాదు.

"వాడిన పూల పెళ్లికొడుకొచ్చాడ్రోయ్!" అనేవాడు ఒకాయన.

"పెళ్లాం పేరు చెప్పి రోజూ బంతిపూలు పట్టుకుపోతావు. ఒక్కనాడన్నా మూర మల్లెపూలు కొన్నావా బావా?" అనేది దండలు గుచ్చే ఆమె.

"మల్లెపూలు ఉడకబెడితే రంగు రాదమ్మా," అనేవారు ఈయన. ఇంటికొచ్చి ఆ మాటలన్నీ పొల్లుపోకుండా నాకు అప్పజెప్పి మళ్లీ నవ్వేవారు.

నేను రుమాళ్లు, చున్నీలు, గలీబులు అద్దేదాన్ని. గుడివాడలో కాపురం ఉంటున్న మా అమ్మాయి వాటి ఫొటోలు ఫోనులో పెట్టి అమ్మిపెట్టేది. ఆయన సాయంత్రాలు అరుగు మీద కూర్చుని అరటి బోదె పట్టలు ఒలిచి, కొబ్బరి ఈనెలు గుచ్చి దొప్పలు చేసేవారు. గుళ్లో ప్రసాదానికి, పూజలకి, కర్మలకి మా దొప్పలే వెళ్లేవి. ప్లాస్టిక్ గిన్నెలు వచ్చాక కూడా మా వీధి చివర పురోహితుడుగారు మా దగ్గరే తీసుకునేవారు. "మీ దొప్ప పెరట్లో పడేస్తే వానాకాలం దాటేలోపు మన్నయిపోతుందయ్యా. ఆ గిన్నె నేను పోయినా పోదు," అనేవారు.

ఇక కసిం కుండ గురించి చెప్పాలి. అది చెప్పకపోతే తర్వాత సంగతి మీకు అందదు. తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి, మూతికి గుడ్డతో వాసెన కట్టి ఉంచితే పులిసి పులిసి నల్లటి నీరు ఊరుతుంది. దాన్నే కసిం అంటారు. నల్ల రంగు వచ్చేది దానితోనే. గుడ్డకి సరిగ్గా పట్టని రంగునైనా అందులో ముంచితే అది పట్టుకుని ఇంక వదలదు. కాని పసుపుని పసుపుగా ఉంచదు, ఎరుపుని ఎరుపుగా ఉంచదు. అన్నిటినీ మబ్బు పట్టిస్తుంది. మా కుండలో ఇనుమంతా ఆయన తెచ్చి వేసిందే. తెగిన సైకిలు గొలుసు, ఆటో బోల్టులు, పాత సైలెన్సరు ముక్క. కర్ర పెట్టి కలిపినప్పుడల్లా అడుగున గలగలమనేది.

"సగం ఆటో నీ కుండలోనే ఉందే. మిగతా సగం ఇంకా నడుస్తోందంటే అది నా గొప్ప," అనేవారు.

"ఆ మిగతా సగం కూడా ఏదో ఒకనాటికి ఇందులోకే," అనేదాన్ని.

ఆయన మార్గశిర మాసంలో పోయారు. పొద్దున రైతుబజారులో బస్తాలు ఎక్కించి, టీ తాగుదామని బల్ల మీద కూర్చుని, గ్లాసు చేతిలో ఉండగానే పక్కకి ఒరిగిపోయారట. ఆస్పత్రికి తీసుకెళ్లారు. అప్పటికే అయిపోయిందన్నారు. ఆటోని ఎవరో తోలుకొచ్చారు. నాకు ఇంకా ఎవరూ ఏమీ చెప్పలేదు. మలుపు దగ్గర చప్పుడు విని నేను అలవాటుగా గాలి పీల్చాను. ఏ వాసనా రాలేదు. గుమ్మంలోకి వచ్చి చూస్తే ఆటో ఖాళీగా ఉంది, తోలుతున్నది వేరే మనిషి.

గుడివాడనుంచి అమ్మాయి, అల్లుడు వచ్చారు. దివిసీమనుంచి మా వదిన రావాలి. ఆవిడ మా ఆయనకి అక్క. హంసలదీవి దారిలో ఒక పల్లెలో ఉంటుంది. తల్లి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే. "నాకు పిల్లలు పుట్టకముందే వీడు పుట్టాడు," అనేది ఎప్పుడూ. ఆవిడ వచ్చేదాకా ఉంచాలని ఐసుపెట్టె తెప్పించి ఆయన్ని అందులో పడుకోబెట్టారు.

పూల కొట్ల వాళ్లంతా వచ్చారు. ఒక్కొక్కళ్లు ఒక్కో దండ తెచ్చారు. అన్నీ బంతిపూల దండలే, చేతి లావు. వాడిన పూల పెళ్లికొడుకని పిలిచే ఆయన పెట్టె మీద దండ వేసి, గోడకి ఆనుకుని మొహం అటు తిప్పేసుకున్నాడు. దండలు గుచ్చే ఆమె మాత్రం అద్దం మీదికి వంగి, లోపలి మనిషికి వినపడాలన్నట్టు గట్టిగా అంది.

"ఇవాళ్టివి బావా. పొద్దున్నే దిగినవి. నిన్నటివి కావు."

ఆ మాటకి నాకు ఏడుపు రాలేదు. ఆ పూల వంకే చూస్తూ కూర్చున్నాను. అవి గుట్టగా పేరుకుంటే, మొహం కనపడడానికి ఎవరో ఒకరు పక్కకి జరుపుతున్నారు. ఎన్నేళ్లు తెచ్చారు ఆయన ఆ కొట్లనుంచి పూలు! ఒక్కటంటే ఒక్కటి తాజాది కాదు.

వదిన వచ్చింది. ఆవిడ ఏడ్చిన ఏడుపు గురించి నేను రాయలేను. తర్వాత ఆయన్ని పాడె మీదికి మార్చారు. మెడలో వేసిన దండలు ఆయనతో వెళ్లాయి. పెట్టె మీద మిగిలిపోయిన వాటిని పెట్టె తెచ్చినవాళ్లు చీపురుతో గోడవారకి తోసి, వాళ్ల పెట్టె వాళ్లు పట్టుకుపోయారు. మగవాళ్లు శ్మశానానికి వెళ్లారు. ఆడవాళ్లు ఇల్లు కడగడానికి లేచారు. పక్కింటావిడ ఆ పూలని చిరుగు చాపలోకి ఎత్తి మురిక్కాలువ వైపు నడుస్తుంటే, అప్పటిదాకా కదలని నేను లేచి నిలబడ్డాను.

"అవి ఉంచండి."

"ఉంచడమేంటే?" అంది వదిన. "శవం మీది పూలు ఇంట్లో ఉంచుకుంటారా ఎవరన్నా?"

"శవం మీదివి కావు వదినా. పెట్టె మీదివి."

"పెట్టెలో ఉన్నదెవరు? నా తమ్ముడు కాదూ? ఏం చేసుకుంటావు వాటిని?"

"ఉడకబెడతాను."

ఇంట్లో ఉన్నవాళ్లంతా నన్ను ఒకలా చూశారు. దీనికి మతి చెడిందన్నట్టు.

"మనిషి ఇంకా కాలుతూనే ఉన్నాడు, దీనికి రంగుల గోలేంటమ్మా!" వదిన రొమ్ము బాదుకుంది. "వాడు బతికినన్నాళ్లూ వాడితో చెత్త మోయించావు. చచ్చాక కూడా వదలవా?"

ఏమని చెప్పను? నాకు కావలసింది ఒక్కటే. బూడిద కృష్ణలో కలిపేస్తారు. బట్టలు ఎవరికో ఇచ్చేస్తారు. ఆటో ఇవాళ కాకపోతే రేపు ఇంకొకరిది అవుతుంది. ఆయన కోసమని తాజాగా వచ్చిన పూలు అవొక్కటే. అవి మురిక్కాలువలో కుళ్లకూడదు. వాటి రంగు ఒక గుడ్డ మీద, నేను ఉన్నన్నాళ్లు, నా దగ్గర ఉండాలి. అంతకంటే ఆశ నాకేం లేదు.

మా అమ్మాయే మధ్యలోకి వచ్చింది. "ఇంట్లో వద్దంటే ఆటోలో పెడదాం అత్తా. ఆటో ఇల్లు కాదుగా."

"మీ ఇష్టం. తల్లీకూతుళ్లు ఎలా ఊరేగుతారో ఊరేగండి," అని వదిన కొంగు మొహం మీద వేసుకుని పడుకుంది.

అమ్మాయి ఆటోలో గోనెలు పరిచి పూలన్నీ పల్చగా ఆరబోసింది. పైన పట్టా కప్పి, పక్కలు గాలికి వదిలేసింది. ఆ మైల రోజుల్లో నేను గది దాటి వెళ్లకూడదన్నారు. కిటికీలోంచి ఆ వాసన వచ్చేది. కళ్లు మూసుకుంటే ఆటో అప్పుడే పూలతో వచ్చి ఆగినట్టుండేది. కళ్లు మూసుకునే కూర్చునేదాన్ని.

పెద్దకర్మ నాడు పురోహితుడుగారు తన సంచిలోంచి దొప్పల కట్ట తీసి విప్పారు. నేను దూరంగా కూర్చున్నా గుర్తుపట్టాను. ఈనె గుచ్చాక చివర్న చిన్న మడత పెట్టడం మా ఆయన అలవాటు. అలా మడత పెడితే గుచ్చుకోదనేవారు. ఆయన చేసిన దొప్పల్లోనే ఆయనకి నువ్వులు, నీళ్లు వదిలారు. పురోహితుడుగారు మంత్రం మధ్యలో ఒకసారి నా వంక చూసి కళ్లు దించుకున్నారు. అవి ఎవరి చేతివో ఆయనకీ తెలుసన్నమాట.

చుట్టాలు వెళ్లిపోయారు. నన్ను ఒంటరిగా వదలకూడదని వదిన ఉండిపోయింది, నాతో మాట్లాడకుండానే. అమ్మాయి, అల్లుడు కూడా ఉన్నారు. నేను బట్టల పెట్టె తెరిచి ఆయన పంచె తీశాను. రోజూ కట్టేది లుంగీ, పంచె పెళ్లిళ్లకే. సన్నటి అంచున్న తెల్ల నూలు పంచె. కట్టి ఉతికి, కట్టి ఉతికి మెత్తబడింది. కొత్త గుడ్డయితే గంజి పోయేదాకా నానబెట్టి ఉతకాలి. ఇది ఎన్నోసార్లు ఉతికిందే కదా, ఆ పని అక్కర్లేదనుకున్నాను. పూలు రేకలు దూసి, ఆయన తెచ్చి ఉంచిన కాలువ నీళ్ల డబ్బా వంచి, పొయ్యి మీద పెట్టాను. నీళ్లు మరిగి రంగు దిగుతుంటే ఇల్లంతా బంతిపూల కషాయం వాసన. వడగట్టి పంచె వేశాను. కర్రతో తిప్పుతూ మంట దగ్గరే కూర్చున్నాను.

బయటికి తీస్తే, ఏం చెప్పను, నా జన్మలో అంత మంచి పసుపు నేను తీయలేదు. ఎండలో తీగ మీద వేస్తే గోడ కూడా పచ్చగా కనపడింది. నిన్నటి పూలు అలాంటి రంగు ఇవ్వవు.

వదిన గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత వచ్చి అంచు పట్టుకుంది.

"ఇది నేను పెట్టిన పంచె కదే."

"అవును వదినా. మీ అమ్మాయి పెళ్లిలో."

"కట్టుకోరా అంటే కట్టుకుని తిన్నగా కూర్చోక, వడ్డనకి దిగాడు. పప్పు ఒలకబోసుకున్నాడు."

"ఆ మరక ఇంకా ఉంది. ఇదిగో."

కింది మూల దగ్గర అరచేతంత మచ్చ. ఎన్నిసార్లు ఉతికినా ఛాయగా మిగిలిపోయింది. ఇప్పుడక్కడ పసుపు ముదురుగా పట్టింది. వదిన వేలితో ఆ మచ్చ చుట్టూ రాసింది. ఆ పూట నా పక్కన కూర్చుని అన్నం తింది.

రంగు వేసిన గుడ్డని పారే నీళ్లలో జాడించాలి. లేకపోతే పైపైన ఉన్న రంగు మరకలు కడుతుంది. మర్నాడు వదిన ఊరికి బయలుదేరుతోంది. గూడూరు వైపు కాలువలో పంచె జాడించుకుని, అటునుంచి ఆవిణ్ణి బస్సు ఎక్కిద్దామనుకున్నాం. అల్లుడు ఆటో తోలాడు. ఆడవాళ్లం ముగ్గురం వెనక, ఆయన కూరగాయల బస్తాలు పెట్టే చోట కూర్చున్నాం.

కాలువ నిండుగా పారుతోంది. మోకాలి లోతులో దిగి పంచె పరిచాను. పసుపు నీళ్లలోకి సాగింది. మొదట కొంచెం పోవడం మామూలే. మడిచి, పిండి, మళ్లీ పరిచాను. ఈసారి తగ్గాలి. తగ్గలేదు. పంచె చుట్టూ నీళ్లు పసుపుగా మారి, ఆ పసుపు పొడుగ్గా తోకలా సాగి, గుర్రపుడెక్క పక్కనుంచి కిందికి పోతోంది. అప్పుడు గుర్తొచ్చింది.

పటిక.

గుడ్డని ముందు పటిక నీళ్లలో నానబెట్టి ఆరబెట్టాలి. అప్పుడే రంగు గుడ్డని పట్టుకుంటుంది. పటిక లేకపోతే పైన కూర్చుంటుందంతే. షెడ్డులో చేరిన రోజున నేర్పిన మొదటి పని అది. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. పంచె నానబెట్టే పని అక్కర్లేదనుకున్నాను చూశారా, ఆ పనితోపాటే పటిక కూడా నా మనసులోంచి జారిపోయింది.

నేను రాయిలా నిలబడ్డాను. పంచె నీళ్లలోనే ఉంది. రంగు పోతూనే ఉంది. గట్టు మీదున్న వదిన చీరతోనే నీళ్లలోకి దూకినట్టు దిగింది.

"ఆపవే! తియ్యవే! అంతా పోతోంది, వాడంతా పోతున్నాడే!"

నా చేతుల్లోంచి పంచె లాక్కుని గుండెకి అదుముకుంది. ఆవిడ రవిక మీద, మెడ మీద, చేతుల మీద పసుపు కారింది. శవం మీది పూలన్న మనిషి.

గట్టు మీద కూర్చున్నాం. పంచెలో పసుపు ఇంకా ఉంది గాని, లేతబడింది.

"ఇప్పుడు పటికలో ముంచితే?" అంది అమ్మాయి.

"ఇప్పుడు ముంచితే ఉన్న కాస్తా ఆ నీళ్లలోకి దిగిపోతుందే. పటిక ముందుండాలి."

"మళ్లీ పూలు తెచ్చి..."

"ఆ పూలేవీ?"

అమ్మాయి ఆటోలోంచి తప్పేలా తెచ్చి పంచె కింద పెట్టింది.

"అయితే ఇంక ఏ దారీ లేదా?" అని అడిగింది వదిన.

"ఉంది. కసిం. అందులో ముంచితే ఇంక పోదు. కాని ఇలా ఉండదు వదినా. నల్లబడుతుంది."

"నల్లగా చేస్తావా వాణ్ణి? వద్దు. పచ్చగానే ఉంచు."

"పచ్చగా ఉంచితే ఉండదు."

"ఉన్నన్నాళ్లే ఉంటుంది," అంది వదిన.

ఆ రోజు బస్సు మాట ఎవరూ ఎత్తలేదు. తడి పంచె తప్పేలాలో పెట్టుకుని, అదే ఆటోలో ఇంటికి వచ్చేశాం. దారి పొడుగునా వదిన ఆ తప్పేలా మీద చెయ్యి తియ్యలేదు. ఇంటికొచ్చాక తనే అంది.

"చించు."

ఆ పంచె రెండు పట్టలు కలిపి మధ్యలో కుట్టింది. ఆ కుట్టు విప్పితే సరిపోయేది. అయినా ఇద్దరం చెరో కొసా పట్టుకుని లాగాం. పాత నూలు కదా, పెద్ద చప్పుడు కూడా చెయ్యలేదు. మరక ఉన్న సగం వదిన తీసుకుంది. నేను అడగలేదు, ఆవిడా అడగలేదు. ఆవిడ చెయ్యి దాని మీదికే వెళ్లింది.

"ఉతకను. ఎండ తగలనివ్వను. పెట్టెలో పెట్టుకుంటాను," అంది.

నేను కసిం కుండ దగ్గరికి వెళ్లాను. ఆయన పోయాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. వాసెన విప్పితే పైన తెట్టు కట్టి ఉంది. కర్ర పెట్టి కలిపాను. అడుగున సైకిలు గొలుసు, బోల్టులు గలగలమన్నాయి. "సగం ఆటో నీ కుండలోనే ఉందే." ఎంత దగ్గరగా వినపడిందంటే, వెనక్కి తిరిగి చూశాను. అమ్మాయి నిలబడి ఉంది.

కసిం కొంచెం తీసి పల్చగా నీళ్లు కలిపి, నా సగాన్ని అందులో వదిలాను. వేసీ వెయ్యగానే పసుపు కదిలింది. ముందు పాకుడు రాయిలా అయింది, తర్వాత వానలో తడిసిన గడ్డివాములా, ఆ తర్వాత దానికి పేరు లేదు. ఆకుపచ్చా కాదు, నలుపూ కాదు. తీసి, బోరు కుళాయి నీళ్లలో జాడించాను. నీళ్లు తేటగా ఉన్నాయి. మళ్లీ జాడించాను. తేటగానే ఉన్నాయి. ఒక్క చుక్క పోలేదు. అప్పుడు ఏడ్చాను. ఐసుపెట్టె దగ్గర రాని ఏడుపంతా ఆ కుళాయి దగ్గర వచ్చింది.

వదిన దివిసీమ వెళ్లిపోయింది. తర్వాత ఆటో అమ్మేశాం. నాకు తోలడం రాదు, వాకిట్లో ఎండకి పాడవుతుందని అల్లుడన్నాడు. కొన్నవాడు తోలుకెళ్తుంటే నేను లోపలే కూర్చున్నాను.

ఎండలు ముదిరాక ఒకరోజు వదిన ఫోను చేసింది.

"ఒకసారి రావే అమ్మాయ్."

"ఒంట్లో బాగాలేదా వదినా?"

"నాకేం, దుక్కలా ఉన్నాను. నీ సగం కూడా పట్టుకురా."

బస్సెక్కి, పులిగడ్డ వంతెన దాటి వెళ్లాను. ఏట్లో నీళ్లు సన్నబడి ఇసక తేలింది. వదిన వసారాలో చాప పరిచి, పెట్టెలోంచి తన సగం తెచ్చి విప్పింది.

తెల్లగా ఉంది.

"నేను ఉతకలేదే. ఒట్టు. ఎండలో కూడా పెట్టలేదు. ఊరికే తీసి చూసుకునేదాన్ని. అప్పుడప్పుడు మొహానికి పెట్టుకునేదాన్ని. కళ్లనీళ్లకీ చెమటకీ పోయింది కాబోలు," అంది. తప్పు చేసిన పిల్లలా ఉంది ఆవిడ గొంతు.

"పోయేదే వదినా. నువ్వేం చేశావు?"

"అది కాదే. చూడు." ఆవిడ దాన్ని నా ఒళ్లో పరిచింది. పసుపంతా పోయింది, ఆ పప్పు మరక దగ్గర తప్ప. అక్కడ మాత్రం అరచేతంత లేత పసుపు మిగిలింది. "నేను పెట్టిననాడు ఎలా ఉందో అలా అయిపోయింది. పెళ్లి పందిట్లో వాడు కట్టుకున్నట్టే. వడ్డనకి వస్తున్నట్టే ఉంది నాకు."

నిజమే. రంగు దాని మీద ఉన్నన్నాళ్లు నాకు పూలే కనపడ్డాయి. రంగు పోయాక ఆయన పంచె కనపడింది. నా సగాన్ని దాని పక్కన పరిచాను. రెండూ ఒక్క పంచెవంటే ఎవరూ నమ్మరు.

"నీదాంట్లో వాడు కనపడట్లేదే," అంది వదిన మెల్లిగా.

"నాకూ కనపడరు. వాసన చూడు."

ఆవిడ ఆ నల్ల సగాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. తుప్పు, బెల్లం పులుపు, వాటి వెనక ఎక్కడో చమురు.

"ఆటో," అంది. "వాడి చేతులు ఇలాగే ఉండేవి. అన్నం పెట్టేటప్పుడు తిట్టేదాన్ని, చేతులు కడుక్కురారా అని." గుడ్డ ముక్కు దగ్గరనుంచి తియ్యకుండానే, "ఇది కొన్నాళ్లు నా దగ్గర ఉంచుకోనా?" అని అడిగింది.

సాయంత్రం బస్సులో తెల్ల సగం ఒళ్లో పెట్టుకుని బందరు వచ్చాను.

మళ్లీ బంతిపూల కాలం వచ్చింది. దండలు గుచ్చే ఆమె ఎవరో ఆటో అతనితో నాకు ఒక బస్తా పూలు పంపింది. "ఇవాళ్టివే అని చెప్పమంది," అన్నాడు అతను. అమ్మాయి గుడివాడనుంచి వచ్చి, చున్నీలకి పటిక తనే దగ్గరుండి నానబెట్టించింది. నేను మర్చిపోతానని దాని భయం. పొయ్యి మీద నీళ్లు మరుగుతుంటే, అది ఆ తెల్ల ముక్క తీసుకొచ్చి, "దీన్ని కూడా వేద్దామా అమ్మా? ఈసారి పటిక పెట్టి వేస్తే ఎప్పటికీ పోదు," అంది.

వద్దన్నాను. దాన్ని చన్నీళ్లలో ముంచి, మరక దగ్గర చెయ్యి తగలకుండా పిండి, పొద్దుటి అన్నం వార్చిన గంజిలో పెట్టాను. నీడలో ఆరేశాను. పొడి పొడిగా ఆరాక, పెళ్లికి కట్టుకోవడానికి ఆయనకి ఎలా మడిచి ఇచ్చేదాన్నో అలాగే, అంచు పైకి వచ్చేలా మడతపెట్టి పెట్టెలో పెట్టాను.